ఎర్ర కొళాయిలో చన్నీళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం. చేతిలో డిప్లొమా, మెడలో కంపెనీ కార్డు, దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో దిగి అప్పటికే తొమ్మిది రోజుల అనుభవం! ఇళ్లలో కరెంటు వాడకం తగ్గించాలని ప్రభుత్వం పాత గీజర్లు తీయించి కొత్తవి ఉచితంగా పెట్టిస్తోంది. అవి పనిచేస్తున్నాయో లేదో చూసి, ఇంటివాళ్ల చేత తనిఖీ కార్డు మీద సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. "ఏక్ కంప్లైంట్ ఆయా తో ఖలాస్, సీదా ఘర్!" అని మా ముదీర్, అంటే మేనేజరు, మొదటిరోజే చెప్పాడు; ఒక్క ఫిర్యాదొస్తే పని ఖాళీ, నేరుగా ఇంటికే అన్నమాట. ఇంటి దగ్గరేమో అమ్మ నా దుబాయ్ ఉద్యోగం గురించి వీధంతా చెప్పేసింది. ఇక ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్లను?

మండు వేసవి. మూడంతస్తుల భవనంలో ఏ ఇంట చూసినా కొత్త గీజరు ఆఫ్‌లోనే ఉంది! నిర్ఘాంతపోయాను. సర్కారు ఊరికే ఇస్తే వాడుకోవడం కూడా రాదా ఈ జనానికి? (కోపం కాదు, జాలి.) ప్రతి ఇంట్లో స్విచ్ వేసి, దీపం వెలగడం చూసి, అలాగే వదిలేసి, సంతకం తీసుకుని పైకి వెళ్లాను. చివరిది కడప టైలరు భాయ్ ఇల్లు. అక్కడా స్విచ్ వేశాను. వాళ్లావిడ టీ ఇచ్చింది. నేను తాగుతూ ఆమెకు కరెంటు పొదుపు మీద ఉపన్యాసం ఇస్తుండగా భాయ్ మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి, నేరుగా స్నానానికి వెళ్లాడు. అర నిమిషంలో కేక! నా టీ ఒలికిపోయింది.

"ఎవురబ్బా గీజర్ ఏసింది?" అంటూ తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. వీపంతా కందిపోయింది.

"నేనే భాయ్! బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాను గర్వంగా.

"ఎండాకాలం మిద్దెమీద ట్యాంకులో నీళ్లు కుతకుతా ఉడుకుతాంటాయి అబ్బీ. అందుకే గీజర్ ఆపేసి, ఇంట్లో ఏసీకి దాంట్లో చల్లారిన నీళ్లు పోసుకుంటాం. ఈడ ఎండాకాలం ఉడుకునీళ్ల ఎర్ర కొళాయిలోనే చన్నీళ్లు!"

నేను స్విచ్ వేసొచ్చినవి ఇంకా పదకొండు ఇళ్లు! మగవాళ్లంతా స్నానానికి ఇళ్లకొచ్చే వేళ. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దూకాను. "అక్కా, గీజర్! భాభీ, గీజర్!" అని తలుపులు బాదాను. ఒకింట్లో పెద్దాయన చీపురు తీశాడు. పదకొండో ఇంటాయన అప్పుడే కొళాయి మీద చెయ్యి వేశాడట. బాత్రూం తలుపు బయట నుంచి నేను పెట్టిన "తిప్పొద్దు!" అనే కేకకు బెదిరిపోయి, చాలాసేపు బయటికే రాలేదు.

చెప్పుల కోసం పైకి వెళ్లాను. వాళ్లావిడ భాయ్ వీపుకు మందు రాస్తోంది. "కంప్లైంటు రాసుకోండి భాయ్" అన్నాను. ఆయన కార్డు లాక్కుని సంతకం పెట్టేశాడు.

"నేనొచ్చిన కొత్తలో మామూలు చన్నీళ్ల కొళాయి తిప్పి నెత్తి కాల్చుకున్న్యా. అంత తెలివితక్కువోణ్నని నన్నెవురూ ఎనక్కి పంపలా. పో, ఇంగో ఇంట్లో జాగ్రత్త" అన్నాడు.

కరెంటు ఆదా చేయించడానికి వెళ్లి ఒక్క పూటలో పన్నెండు గీజర్లు వెలిగించిన ఘనుణ్ని నేను. ఆ ఉద్యోగంలోనే ఎనిమిదేళ్లు ఉన్నాను. ఇప్పటికీ ఏ ఊరు వెళ్లినా కొళాయి కింద ముందు ఒక వేలు పెట్టి చూస్తాను. అప్పుడల్లా చెప్పుల్లేకుండా మెట్లు దూకిన ఆ సర్వజ్ఞుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మంటగా ఉన్న వీపుతో సంతకం పెట్టిన భాయ్ కూడా గుర్తొస్తాడు. అప్పుడు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.