కొసరుగా అడిగిన పాదం

మా ఇంట్ల పుట్టినోళ్లు ఏ వస్తువుకైనా చెప్పిన ధర ఇచ్చిన దాఖలా లేదు. కరీంనగర్‌ల మాది బట్టల దుకాణం. తెల్ల దుప్పటి పరిచిన గద్దె, దాని మీద లోడు దిండు, ఎనుక గోడ నిండ తానులు. మాటలు రాకముందే నాకు గిరాకి మొఖం చదువుడు వచ్చిందని నన్ను కన్న అవ్వ ఇప్పటికీ చెప్పుకుంటది. బడిల పరీక్ష పేపర్లు ఇస్తే, సారు దగ్గరికి పోయి ఇంకో అర మార్కు అడిగి రమ్మని పంపేది. ఇయ్యకపోతే ఇంటికొచ్చి, నువ్వు అడిగే తీరు మంచిగ లేదని నన్నే తిట్టేది.

అసొంటి ఇంట్లకెళ్లి ఒకడు ఫుట్‌బాల్ ఆడుత అంటే బాపు ఎట్ల ఒప్పుకున్నడని అందరూ అడుగుతరు. ఆయన లెక్క సాఫ్. క్రికెట్‌కు బ్యాటు కావాలె, ప్యాడ్లు కావాలె, గ్లౌజులు కావాలె, నెత్తికి టోపి కావాలె. ఫుట్‌బాల్‌కు ఒక్క బంతి, అది సుత అందరికి కలిపి. "గింత మందికి ఒక్క సామాను సరిపోయే ఆట నేనెక్కడ చూడలే" అన్నడు మెచ్చుకుంటనే.

నేను ఎడమ వింగ్‌ల ఆడేటోన్ని. ఇటు పోతున్నట్టు చూపెట్టి అటు పోవుడు నా పని. అది నాకు ఎవ్వలు నేర్పలే. పట్టుచీర కొననీకి వచ్చి, నూలు చీరలు తియ్యమని అడిగే ఆడోళ్ల నడుమ పెరిగినోన్ని.

దెబ్బ తగిలింది బొగ్గుగనుల కాలనీ గ్రౌండుల. బంతి గుంజుకొని లైను వెంబడి పోతుంటే ఎడమ కాలు మట్టిల నాటుకపోయింది, ఒళ్లు తిరిగింది, మీదికెళ్లి అవతలి టీం డిఫెండర్ పడ్డడు. డ్యూటీ దిగి నేరుగ ఆటకొచ్చిన మనిషి, మస్తు బరువు. మోకాలు లోపల తాను చింపినప్పటి చప్పుడు వచ్చింది. బట్టల దుకాణపోన్ని గనుక ఆ చప్పుడు నాకు ఎరుకే. మీటరున్నర పోయిందనుకున్న.

అక్కడ కర్ర కట్టు కట్టి కరీంనగర్ తోలిండ్రు. నొప్పంత మోకాలుల ఉన్నది. పాదం సంగతి వేరే. దాన్ని పైకి లేపుదామంటే లేవదు. బొటనవేలు సుత అంతే. పాదం మీద చెయ్యి పెడితే వేరేటోని చెప్పును ముట్టినట్టున్నది. బాపుకు చెప్పిన. ఆయన దవాఖాన వరండాల అటు ఇటు చూసి నా చెవుల వంగిండు.

"డాక్టర్ సాబ్‌కు మోకాలు ఒక్కటే చెప్పు. పాదం ముచ్చట ఇప్పుడే తియ్యకు."

"ఎందుకు బాపు?"

"రెండూ ఒక్కసారి చూపెడితే రెండింటికి ధర కడ్తడు. మోకాలు బేరం తెగనియ్యి. తెగినంక పోతా పోతా, సారూ, గీ పాదం జర లేస్తలేదు, చూడుండ్రి అంటం. కొసరు. చీర కొన్నోళ్లకు జాకెట్ ముక్క మనం ఇస్తలేమా?"

నాకు సబబుగనే అనిపించింది. అంతకంటె ముచ్చటేందంటే, ఆయన అనకముందే నేను సుత అదే అనుకుంటున్న.

డాక్టరు మోకాలు పట్టి చూసిండు. పాదం వేళ్లు కదులుతున్నయా అని అడిగిండు. కిందికి వంచుడు వస్తుండె, పైకి లేపుడే రాదు. చీర మీద డాగు ఉంటే ఆ దిక్కు లోపలికి మలిచి మంచి దిక్కు చూపెడ్తం కదా, అట్ల వచ్చే కదలికే చూపెట్టిన. ఆయన తల ఊపి, మోకాలుకు తీసిన స్కానింగ్ ఫోటోల దిక్కు మళ్లిండు.

"లోపల ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు తెగినయ్. ఆపరేషన్ చెయ్యాలె."

"అన్నీ తెగినయా సారూ, ఒకటి అర మిగిలినయా?" అన్నడు బాపు.

"మిగిలినయి సుత పనికిరావు."

"మందులతోని కాదా?"

"కాదు."

బాపు ఊపిరి ఇడిచి లేచిండు. చెప్పులు నిమ్మళంగ తొడుక్కున్నడు. నా చక్రాల కుర్చీ పట్టుకొని తలుపు దిక్కు మెల్లగ నూకుకుంట పోతుండు. గా నడక నాకు తెలుసు. మా బజార్ల ఏ దుకాణం ముందటనైనా అట్ల నాలుగడుగులు వేస్తే ఎనుకకెళ్లి పిలుపు రావాలె. డాక్టరు గంట కొట్టి ఇంకో పేషెంటును పిలిచిండు.

వరండాల గోడకు అతికించిన టీకాల కాగితాన్ని బాపు బాగసేపు చదివిండు. పిలుపు రాలే. "ఈ మనిషికి గిరాకి విలువ తెల్వదు" అన్నడు. మళ్ల మేమే లోపలికి పోయినం, ఆపరేషన్‌కు ఒప్పుకున్నం. డాక్టరు కాగితం రాస్తుంటే బాపు గొంతుల బెల్లం పోసుకొని కొసరు అడిగిండు.

"సారూ, పనిల పని, గీ పాదం కొంచెం లేస్తలేదు. జర గది సుత..."

డాక్టరు పెన్ను కింద పెట్టిండు. కట్టు విప్పి పాదం పైకి లేపమన్నడు. నేను మొఖంల ఉన్న బలమంత పెట్టిన. పాదం ఎటున్నది అటే ఉన్నది.

"ఎప్పటి సంది?"

"దెబ్బ తగిలినప్పటి సంది."

ఆయన మా ఇద్దరి మొఖాలు చూసిండు. ఆ చూపును నేను చదవగలిగిన, చదవకుంట ఉంటే బాగుండు. "మోకాలుకు రిపేరు ఉన్నది. అసలు సమస్య ఇది. నరం దెబ్బతిన్నది. సాగిందో తెగిందో సూది పరీక్షల కొంత తెలుస్తది. మళ్ల మొలిస్తే పాదం లేస్తది. మొలుస్తదా, ఎంత మొలుస్తది అనేది నా చేతుల లేదు."

నా చేతుల లేదు, ఓనరును అడగాలె అని మేము దినాం గిరాకికి చెప్తం. ఓనరు మేమే. అందుకని బాపు ఆ మాటను నమ్మలే. నేను నమ్మిన. పాదం లేవకుంటే ఉరుకుడు లేదు. ఉరుకుడు లేకుంటే వింగ్‌ల ఆడుడు లేదు. వింగ్‌ల ఆడుడు లేకుంటే నా బతుకంత లోడు దిండుకు ఆనుకొని చీరలు మడత పెట్టుడే.

నాలుగు దుకాణాలు తిరగకుంట మేము చేతిరుమాలు సుత కొనం. ఖానాపూర్‌ల కిరాణం నడిపే మా మామ జీపు తెచ్చి మమ్ముల ఆదిలాబాద్ తీస్కపోయిండు. "బావా, అక్కడి డాక్టర్ అస్లీ మనిషి. మాట మీద నిలవడ్తడు" అన్నడు. ఆ అస్లీ మనిషి ఫోటోలు చూసి, కరీంనగర్ డాక్టరు అన్న మాటలే అక్షరం పొల్లుపోకుంట అన్నడు. బయటికొచ్చి బాపు ఫోటోల కవరు చంకల పెట్టుకున్నడు.

"అందరూ కలిసి ఒక్క ధర కట్టిండ్రు. దసరాకు మన బజారోళ్లం అట్లనే చెయ్యమా?" అన్నడు.

ఆపరేషన్ అయింది. మోకాలు ఫికర్ లేదన్నరు. పాదం జారకుంట పిక్క ఎనుకకెళ్లి అరికాలు కిందికి ప్లాస్టిక్ పట్టీ పెట్టిండ్రు. అది లేకుంట నడిస్తే వేళ్లు నేలకు తట్టుకుంటయ్, అందుకని మోకాలు ఎత్తి ఎత్తి వెయ్యాలె. పెద్దపల్లి దిక్కు నాట్లకు బురదల దిగినోళ్లు నడిచినట్టు నేను మా బజార్ల డాంబరు రోడ్డు మీద నడుస్తుంటి. ఎదురు దుకాణపాయన, "ఏందిరా, నీళ్లు మస్తున్నయా?" అని అడిగెటోడు.

కాళ్లు ముడుచుకొని గద్దె మీద కూసునుడు నాతోని కాదు. బాపు నాకు దుకాణం ముందట కుర్చీ వేసిండు. మొదటి దినమే ఒక పెద్దమ్మ చీర బేరం నడుమ నా కాలు చూసి ఆగింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం చెప్పాలె అక్కా" అన్నడు బాపు, నేను నోరు తెరవకముందే. "గుర్రం లెక్క ఉరికెటోడు."

ఆమె చెప్పిన ధర ఇచ్చి, కళ్లు తుడుచుకొని పోయింది. బాపు బాగసేపు ఆలోచన చేసిండు. తెల్లారి వచ్చేసరికి నా కుర్చీ వీధి దిక్కు మళ్లి ఉన్నది, కాలు కింద ఎత్తుపీట, ప్యాంటు మోకాలి దాక మలిచి.

"బొమ్మకు చీర కట్టినట్టు కొడుకును నిలవెట్టినవ్, సిగ్గనిపిస్తలేదా?" అన్నది అవ్వ.

"ఇంట్ల పంటే వానికే పరేషాన్. ఇక్కడ నాలుగు మొఖాలు చూస్తడు" అన్నడు బాపు. ఆయన అట్ల అంటుంటే నేను పట్టీ మంచిగ కనవడేటట్టు కాలు జరుపుకుంటున్న. మా ఇంట్ల ఖాళీగ కూసునుడు ఎవ్వలకు రాదు.

రోజూ ఒక పూట ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయేటోన్ని. ఆమె కరెంటు పెట్టి కండను గుంజిపించేది, ఎక్సర్‌సైజులు చేయించేది. ఆమెతోని సుత బేరం మొదలువెట్టిన.

"మేడం, ఇది ఆఖరుది అన్నరు కదా."

"మంచిగ చేస్తే అదే ఆఖరుది. మంచిగ చెయ్యలే."

"నొప్పి ఉన్నది మేడం."

"నొప్పి ఉంటే ముందుగాల మొఖంల కనవడ్తది, తర్వాత మాట వస్తది. నీకు మాట ముందుగాల వచ్చింది."

మీ ఇంట్ల ఎవలికన్న దుకాణం ఉన్నదా అని అడిగిన. లేదు, ముగ్గురు తమ్ముళ్లతోని పెరిగిన అన్నది.

మోకాలి పక్క ఎముక దగ్గర ఆమె వేలితోని తట్టి చూసేది. నరం ఎక్కడిదాక మొలిస్తే అక్కడ తట్టినప్పుడు పాదం దాక జుమ్ముమంటదట. జుమ్ముమన్న కాడ పెన్నుతోని చుక్క పెట్టేది. ఆ చుక్క రోజుకు నువ్వుగింజంత సుత దిగలే. కొన్ని వారాలు ఉన్నకాన్నే ఉన్నది. నేను నరంతోని అన్ని తీర్ల మాట్లాడి చూసిన. ఉరుకుడు వద్దు, నడుసుడు చాలు అన్న. వింగ్ వద్దు, గోల్‌కీపర్‌గ నిలవడ్త అన్న. పెద్ద టోర్నమెంట్లు వద్దన్న. ఒక్కొక్కటి తగ్గించుకుంట తగ్గించుకుంట పోతే చివరకు నా దగ్గర తగ్గించనీకి ఏం మిగలలే. బేరమాడాల్నంటే ఎదురుంగ మనిషి ఉండాలె. నరానికి మొఖం లేదు, ఆశ లేదు, దుకాణం మూసే టైం లేదు. ఆ దినాలల్ల అవ్వ నా ముందట ఫుట్‌బాల్ పేరు ఎత్తకుంట, టీవీల ఆట వస్తే సీరియల్ పెట్టేది. నేను ఆ సీరియల్ కథ మొత్తం చెప్పగలుగుత.

పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. దుకాణం నిండ గిరాకి. ఒక అక్క పెండ్లికూతురికి పట్టుచీర పట్టుకొని బాపుతోని బేరంల లోతుకు దిగింది. నేను పట్టీ విప్పి పాదం ఎత్తుపీట మీద పెట్టి, అలవాటు కొద్ది బొటనవేలుకు లెవ్వమని చెప్పిన. అది లేచింది.

కొంచెమే. అంగీ గుండీ మందం. మళ్ల చెప్పిన. మళ్ల లేచింది. నా మొఖంల ఏం కనవడలే, అది నేను కచ్చితంగ చెప్తా, సంతోషం చూపెడితే ధర పెరుగుతదని చిన్నప్పటి సంది నేర్పిండ్రు. కానీ బాపు నా మొఖం చూడలే, వేలు చూసిండు. ఆయన చేతుల మీటరు కట్టె ఆగిపోయింది. సరిగ్గ అప్పుడే ఆ అక్క, అడగనీకే సిగ్గుపడాల్సినంత తక్కువ ధర అడిగింది.

"సరే అక్కా, తీస్కపో" అన్నడు బాపు.

దుకాణంల పనిచేసేటోళ్లందరూ తిరిగి చూసిండ్రు. ఆ అక్క చీరను ఎనుకకు ముందుకు తిప్పింది, అంచు గీకింది, ఎలుగుకు పట్టింది. "గింత జల్ది ఇస్తున్నవంటే దీంట్ల ఏదో ఉన్నది" అని అక్కడనే పెట్టి ఎదురు దుకాణంలకు పోయింది.

బాపు ఆమెను పిలువలే. నా పాదం పక్కన కూసోని, మళ్ల లేపు, మళ్ల లేపు అని అడిగిండు. బాగసేపటికి తేరుకొని, గొంతు సవరించుకొని అన్నడు: "పెళ్లిళ్లు అయ్యేదాక ఎవ్వలకు చెప్పకు. పట్టీ తియ్యకు."

వేలు తర్వాత పాదం లేచింది. పూర్తిగ కాదు. కుడిది లేచినంత ఎడమది ఎన్నడూ లేవదన్నరు, ఇప్పటికీ లేవదు. నడక సక్కగయింది, తర్వాత మెల్లమెల్లగ ఉరుకుడు. కొంచెంసేపు ఉరికినంక అలిసిన పాదం జారేది, బూటు ముందు కొస మట్టిని గీకి చప్పుడు చేసేది. ఆ చప్పుడు వచ్చిందంటే పడ్డట్టే.

ఆదిలాబాద్‌ల ఆట ఉన్నదంటే మా కోచ్ దగ్గరికి పోయిన. గని కాలనీల పుట్టి పెరిగిన మనిషి, మాట తక్కువ.

"రెండో సగం మొత్తం ఆడుత సార్."

"పాదం ఎంత లేస్తది?"

"పూర్తిగ."

"నువ్వు చెప్పినదాంట్ల సగం తీసేస్తే?"

"సగం లేస్తది సార్."

"వచ్చి కూసో. చూద్దాం."

బాపు దుకాణం అవ్వకు అప్పజెప్పి వచ్చిండు. మామ ఖానాపూర్ నుంచి వచ్చిండు. రెండో సగం మొదలైంది, సాగింది, అయిపోవట్టింది. నేను బెంచీ మీదనే ఉన్న. నేను లేకుంటనే ఆట మంచిగ నడుస్తున్నది, అది చూసుడు అన్నిటికంటె కష్టం. టైం అయినంక రెఫరీ చెయ్యి ఎత్తి ఇంకొన్ని నిమిషాలున్నయని చూపెట్టిండు. కోచ్ నా దిక్కు చూడకుంటనే, పో అన్నడు.

లైను అవతల బాపు మామను అడుగుడు నాకు ఇనవడ్డది.

"అయిపోయింది కదా, ఇప్పుడేం టైం?"

"నడుమ ఆట ఆగినందుకు ఆఖర్ల కలిపి ఇస్తరు బావా."

"కొసరా?"

"అట్లనే అనుకో."

బంతి నా దగ్గరికి ఒక్కసారే వచ్చింది. ఇటు పోతున్నట్టు చూపెట్టిన. వాళ్ల డిఫెండర్ నమ్మలే, నాకే సగం నమ్మకం లేకుండె. అయినా లైను వెంబడి ఉరికిన. చెవులు రెండూ ఎడమ బూటు దగ్గర పెట్టి ఉరికిన. మట్టి గీకిన చప్పుడు రాలే. బంతి నడుమకు కొట్టిన, అది ఎవ్వలకు అందకుంట అవతలికి పోయింది. రెఫరీ విజిల్ ఊదిండు.

బాపు లైను దాటి లోపలికే వచ్చిండు. "సారూ, మా పోరడు ఇప్పుడే దిగిండు. జర ఇంకొంచెం..."

రెఫరీ బంతి చంకల పెట్టుకొని పోయిండు. బాపు ఊపిరి ఇడిచిండు. చెప్పులు సరిచేసుకొని గేటు దిక్కు మెల్లగ నడువవట్టిండు, ఎనుకకు చూడకుంట. గా నడక నాకు తెలుసు. ఎవ్వలూ పిలుస్తలేరు. గ్రౌండు ఆ కొసకెళ్లి నేను బాపు దిక్కు ఉరికిన.