ఇంటింటికీ బొట్టు

మొన్న మా అబ్బాయి పెళ్ళి పిలుపులకు రోజంతా తిరిగొచ్చి, మోకాళ్ళకు మలాం రాసుకున్నాను. ఆ కర్పూరం ఘాటు ముక్కుకు తగలగానే మా నర్సింలు సార్ గుర్తొచ్చారు. పటాన్‌చెరులో ఇలాంటి మలామే తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ఎగుమతుల మేనేజరు. కొండాపూర్‌లో కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన నేను అక్కడ ప్యాకింగ్‌లో ఉండేదాన్ని. ఆయన అరిస్తే మిషన్ల చప్పుడు కూడా వినపడేది కాదు. వెనకాల తిట్టుకునేవాళ్ళం, ఆయన రాని రోజు మాత్రం ఎవరికీ పని తోచేది కాదు.

మా సరుకంతా సోవియట్ దేశానికే వెళ్ళేది. రెండు ప్రభుత్వాల మధ్య ఒకటే ఒప్పందం, అంత పెద్ద దేశానికీ ఒకటే లేబులు. ఒక చలికాలం ఆ దేశం ముక్కలైపోయింది. గోడౌన్ నిండా పెట్టెలున్నాయి, వాటి మీద అచ్చువేసిన పేరుగల దేశం లేదు. ప్యాకింగ్ బంద్ చేద్దామన్నాడు మా యజమాని. బంద్ అయితే నా చేతికి మళ్ళీ కొడవలే. సార్ మా అందరి ముందే ఆయనకు అడ్డం తిరిగారు.

“దేశం పోయింది సేట్, నొప్పులు గూడ పోయినయా? ఆడ చలి గట్లనే ఉన్నది, నడుములు గట్లనే ఉన్నయి. జెర ఆగుండ్రి.”

యజమాని ఆగాడు గానీ తొందరలో ఒక పొరపాటు జరిగింది. మన ప్రభుత్వం మాస్కోతో కొత్త ఒప్పందం చేసుకుందని తెలియగానే, పాత దేశమంతటికీ అదే చెల్లుతుందనుకున్నారు సార్. వేరుపడ్డ పక్క దేశానికీ మాస్కో లేబులుతోనే సరుకు పంపించారు. సరిహద్దు దాటకుండానే అదంతా వెనక్కి వచ్చింది. సార్ తిరిగొచ్చిన పెట్టెల్లో ఒకదాని మీద కూర్చుని, దాని లేబులును గోటితో గీకారు. తర్వాత నన్ను పిలిచారు.

“యాదమ్మా, అన్నదమ్ములు వేరుపడ్డంక పెద్దోనింట్ల బొట్టు వెట్టొస్తే, చిన్నోడు పెండ్లికొస్తడా?”

“యాడొస్తడు సార్, అలుగుతడు. ఎవరిల్లు వాళ్ళదే గద.”

“మరి నాకిది ముందే ఎందుకు తట్టలే? ఇగ ఇంటింటికి పోదాం.”

అన్నట్టే పోయారు. ఒక్కో దేశానికి వేరే ఒప్పందం, వేరే సుంకం, వేరే భాషలో లేబులు. ఢిల్లీ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి గానీ మనిషి తగ్గలేదు. ఏ దేశంతో మాట కుదిరితే ఆ లేబులు అతికించి లారీ ఎక్కించేవాళ్ళం. “ఇయ్యాల ఎవరింటికి సార్?” అని ఆటపట్టిస్తే, కసురుకుంటూనే నవ్వేవారు. కొన్ని దేశాలు చివరిదాకా మా సరుకు తీసుకోలేదు. ప్యాకింగ్ మాత్రం మూతపడలేదు. అక్కడే నేను ఇన్‌ఛార్జినయ్యాను, ఆ జీతంతోనే మా అబ్బాయిని చదివించుకున్నాను.

సార్ ఇప్పుడు లేరు. ఆయన కొడుకులిద్దరూ జోగిపేటలో వేరు కాపురాలు. మర్నాడు పెద్ద కొడుకింట్లో బొట్టు పెట్టి బయటికి రాగానే మా అబ్బాయి బండి ఇంటివైపు తిప్పాడు.

“చిన్నాయనకు వీళ్ళే చెప్తరు తీయే అమ్మా. నీకు మోకాళ్ళు నొస్తున్నయి గద.”

“నొయ్యనీ. బండి అటు తిప్పు” అన్నాను.

చిన్న కోడలికి నేనెవరో తెలియదు. నుదుట కుంకుమ పెట్టి చెప్పాను, “మీ మామ దగ్గర పనిజేసిన, బిడ్డా. మీ ఇంటికి వేరే పిలుపు ఇది, పెండ్లికి రావాలె.”