మా దుకాణం గోడ మీది గుట్కా దండ

నాన్న ఆ రోజు అన్న మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వరంగల్‌లో మాది మిర్చి దుకాణం. నర్సంపేట వైపు రైతులు తెచ్చే బస్తాలు దించే హమాలీల్లో పెద్దాయనను నేను కాకా అని పిలుస్తాను. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. నిరుడు ఆయన నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. సర్కారు దవాఖానలో క్యాన్సర్ అన్నారు, దవడ కొంత తీసేయాలన్నారు. కార్డు మీద ఆపరేషన్ ఉచితమే. కానీ వెంట ఒక మనిషి ఉండి సంతకం పెడితేనే చేర్చుకుంటారట. భార్య పోయింది, ఉన్న ఒక్క కూతురు బాలింత. నేను పోతానని నాన్నతో చెప్పాను.

నాన్న గద్దె మీంచి తల కూడా ఎత్తలేదు.

"గుట్కా తిన్నది వాడు, రోగం తెచ్చుకున్నది వాడు. మనం కట్టే టాక్సులు ఇసొంటోళ్లకేనా పోయేది? నువ్వేం పోకు."

సరిగ్గా ఆయన తల మీద, గోడ మేకుకు గుట్కా ప్యాకెట్ల దండ వేలాడుతోంది. మేము గుట్కా అమ్మం. అది హమాలీల కోసం. పొద్దున్నే టీతో పాటు తలా రెండు ప్యాకెట్లు తెంపి ఇవ్వడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా దుకాణం ఆనవాయితీ. అది నోట్లో ఉంటే మిర్చి ఘాటు తెలియదు, ఆకలి తెలియదు. లారీ ఖాళీ అయ్యేదాకా ఎవరూ అన్నం మాట ఎత్తరు. పదేళ్లుగా ఆ ప్యాకెట్లు ఇస్తున్నది నేనే. నేను మాత్రం ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. అది ఏం చేస్తుందో నాకు తెలుసు.

నోటికొచ్చినట్టు తిట్టాను నాన్నను. సిగ్గుండాలి అన్నాను. దండ తెంపి ఆయన ముందు విసిరికొట్టి దవాఖానకు పోయాను.

అక్కడ డాక్టరమ్మ ఫారం నింపుతూ కాకాను గద్దించింది. ఎవరు తినమన్నారు, తినేది మీరు, ఖర్చు సర్కారుదా అని అడిగింది. కాకా నా పేరు చెబుతాడేమోనని భయపడ్డాను. ఆయన బిగిసిన పళ్ల సందులోంచి ముద్దముద్దగా అన్నాడు.

"తప్పు నాదే మేడం. ఈ పిలగాడు మా సేటు కొడుకు. మంచోడు, నా కోసం వచ్చిండు."

దుకాణంలో అంత లేచిన నా నోరు అక్కడ పెగల్లేదు. ఆమె ఫారంలో 'సొంత అలవాటు' అని రాసింది. దాని కింద నేను సంతకం పెట్టాను.