మా ఆయన ఆగిన అంగళ్లు

కోడుమూరు బజారులో మా ఆయనకున్నంత మంచిపేరు ఎవరికీ లేదు. ఇంటి నుంచి మా కిరాణా అంగడికి పోయేలోపు బట్టలంగడి ముందు నిలబడి పెళ్లిళ్ల సంగతి అడిగేవాడు, ఇంకాస్త పోయి మందులంగడి ముందు వానల సంగతి అడిగేవాడు. "శెట్టికి గర్వం లేదు" అనేవాళ్లు అందరూ. ఇంట్లో నోరు విప్పడానికి బద్ధకించే మనిషికి బజారులో ఇన్ని మాటలు ఎక్కడినుంచి వస్తాయోనని నాకు ఒళ్లు మండేది.

మొన్న ఎండాకాలం నా షుగరు చూపించుకోవడానికి ఇద్దరం కర్నూలు ఆసుపత్రికి వెళ్లాం. "కాళ్ల రక్తనాళాల జబ్బు" అని అచ్చువేసిన కాగితాలు నర్సమ్మ తలా ఒకటి పంచుతోంది. మా ఆయన కాగితాన్ని వేళ్లతో నలిపి చూసి, "ఇంకా కొన్ని ఇయ్యమ్మా" అన్నాడు. ఊళ్లో పంచుతాడనుకుని ఆ పిల్ల సంబరపడి కట్టకు కట్టే ఇచ్చేసింది. ఆయన కన్ను ఆ కాగితాలతో కట్టబోయే జీలకర్ర పొట్లాల మీద ఉందని నాకు తెలుసు.

ఇంటికొచ్చి కాగితం చించబోతూ ఆగాడు. దాని అడుగున ఒక మూల, అంగళ్లలో డబ్బులు కట్టడానికి పెట్టే స్కానర్ లాంటి గళ్లబొమ్మ కనబడింది.

"చూస్తివా, ఊరికే ఇచ్చినారనుకుంటిమి. అడుగున దుడ్లు అడుగుతాండారు."

"ఎంత అడుగుతాండారో చూడు మరి," అన్నాను.

ఫోను పెట్టి చూశాడు. దుడ్లు ఎవరూ అడగలేదు. ఒక డాక్టరమ్మ వీడియో మొదలైంది. "కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేస్తోందా? నిలబడితే తగ్గుతోందా? ఆ సంగతి బయటపడకుండా, దారిలో ఎవరినో పలకరిస్తున్నట్టు ఆగుతున్నారా?"

మా ఆయన చటుక్కున ఫోను బోర్లా పెట్టాడు. ఆమె మాట మాత్రం ఆగలేదు. ఇది వయసు వల్ల కాదనీ, కాలికి రక్తం సరిగా అందకపోవడం కావచ్చనీ, బీడీలు తాగేవాళ్లకు ఎక్కువనీ, అశ్రద్ధ చేస్తే చిన్న పుండు కూడా మానక కాలే పోవచ్చనీ చెబుతూనే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. "శానా దినాలైంది," అన్నాడు. కోపం, భయం కలగలిసి నాకు ఏడుపొచ్చింది. ఆయన జేబులోని బీడీకట్ట తీసి చెత్తబుట్టలో వేశాను.

మర్నాడే మళ్లీ కర్నూలు. డాక్టరు పాదాల దగ్గర నాడి చూసి, చేతికీ కాలికీ బీపీ కొలిచాడు. రక్తనాళం సన్నబడిందనీ, ఆపరేషను దాకా రాలేదనీ చెప్పి మాత్రలు రాశాడు. రోజూ నడవాలన్నాడు. నొప్పి పుట్టేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలట.

"అదే గదా సార్ నేను ఇన్నాళ్లూ చేస్తాండేది," అన్నాడు మా ఆయన.

"ఇకమీద బీడీ లేకుండా చేయండి," అన్నాడు డాక్టరు నవ్వి.

ఆ కాగితాలు పొట్లాలు కాలేదు. సరుకుతో పాటు ఒకటి చేతిలో పెట్టి, "చదువుకోప్పా, ఊరికే" అనేవాడు. మా అంగడిలో ఊరికే దొరికిన మొదటి వస్తువు అదే.

చలికాలానికల్లా ఆయన బజారంతా ఆగకుండా నడవసాగాడు. ఒకరోజు బట్టలంగడాయన మా ఇంటికొచ్చాడు. "వదినా, అన్నకు నా మీద ఏమన్నా కోపమా? అంగడి ముందరే పోతాండాడు, నిలబడేదే లేదు," అన్నాడు చిన్నబోయి. నవ్వాపుకుంటూ సంగతంతా చెప్పాను.

మర్నాడు ఇద్దరం కలిసి పోతుంటే మా ఆయన ఆ అంగడి ముందు టక్కున ఆగిపోయాడు.

"మళ్లీ పట్టిందా?" అన్నాను చెయ్యి పట్టుకుని.

"లేదు," అన్నాడు. "ఊరికే పలకరిద్దామని నిలబడినా."