పోరాదు అన్న మాట

మొన్న మైపాడు బస్సులో ఎవరి ఫోనో "నేడు వేటకు పోవద్దు" అని గట్టిగా పలికింది. పక్కన కూర్చున్నావిడ చేపల గంప సర్దుకుంటూ, "ఈ గొంతు ఇప్పుడు తేటగా పలుకుతా ఉందక్కా" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ గొంతును మా ఊళ్లో అందరికంటే ముందు విన్నది నేను. మా అక్క కూతురు నెల్లూరులో కంప్యూటరు కంపెనీలో ఉంది. వాళ్లు తయారుచేసినవాటిలో తప్పులు పట్టడమే దాని ఉద్యోగం. సముద్రం మీదికి పోయేవాళ్లకు గాలివాన సంగతులు చెప్పే యాప్ ఒకటి చేశారు. జనంలోకి వదలకముందు, నేను వంటింట్లో రొయ్యలు ఒలుస్తుంటే పీట వేసుకుని కూర్చుని వినిపించింది. "పోరాదు" అని రాసి ఉన్నదాన్ని ఆ గొంతు చివర సాగదీసి, "వేటకు పోరాదూ" అంది, వచ్చిన చుట్టాన్ని అన్నం తిని పోరాదూ అని అడిగినట్టు. పోవద్దంటోందా, పొమ్మంటోందా? మూడో తరగతితో ఆపేసినదాన్ని, చదువుకున్నవాళ్ల భాష అట్లే ఉంటుందేమో అనుకుని, "బాగుంది పాపా" అన్నాను. అది అట్లాగే రాసుకుంది.

యాప్ జనంలోకి వదిలిన నెల తిరక్కముందే మా ఇంటాయన ఫోన్లో ఆ మాట విని, "చూసినావా మే, నువ్వు వద్దన్నా ఆయమ్మ పొమ్మంటా ఉంది" అని నవ్వుకుంటూ పడవెక్కాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవ పోయింది. ఆయన ఈదుకుని ఒడ్డున పడ్డాడు గానీ, ఆ కుడి భుజంతో ఇప్పటికీ వల లాగలేడు.

తరవాత నెల్లూరులో ఒక హోటల్లో ఇట్లా తప్పులు పట్టేవాళ్ల సదస్సు జరిగింది. "నువ్వే చెప్పు పిన్నీ, నేను చెప్తే పాఠంలాగుంటాది" అని అక్క కూతురు నన్ను తీసుకుపోయింది. చల్లటి హాలు. భోజనంలో పెట్టిన చేపకు ఒక్క ముల్లు లేదు. నా చీరకు చిన్న మైకు గుచ్చారు. ఆ గొంతులాగే "పోరాదూ" అనగానే అందరూ నవ్వారు. పడవ సంగతీ చెప్పాను. వెనక నుంచి ఒకాయన లేచి, "ముందుగా వేటకు పోయే ఇళ్లలో ఎవరికీ వినిపించలేదా?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకునే లోపలే అక్క కూతురు, నా వైపు చూడకుండా, "లేదు సార్. తప్పు నాదే" అంది. ముందు వరుసలో దాని పై అధికారి ఏదో రాసుకున్నాడు. నేను చీరకు గుచ్చిన మైకు తీసి ఇచ్చేశాను.

ఆటోలో, "ఎందుకే అట్లా చెప్పినావు?" అన్నాను.

"వీడియో తీస్తా ఉండారు పిన్నీ. బాబాయి చూస్తాడు గదా."

ఆ యాప్ పని దాని చేతిలోంచి తీసేశారు. మా ఆయన వీడియో చూసి, "పాపం, చిన్నపిల్ల, తప్పు ఒప్పుకున్నది మే" అని మెచ్చుకున్నాడు. నేను ఆయన భుజానికి నూనె రాస్తూ ఊఁ కొట్టాను. ఆ హాల్లో నాకిచ్చింది పది నిమిషాలు. నేను చెప్పాల్సిన ఒక్క మాటకు అందులో చోటుంది. ఆ తరవాత గడిచిన ఏడాదిలో ఎంత వెతికినా అట్లాంటి చోటు దొరకలేదు.