శనివారం పదింటి ప్రళయం

ఉద్యోగంలో చేరిన ఐదు నెలల్లో లోహిత్ పదిహేడు ప్రళయాలు చదివాడు. నిజాంపేట హాస్టల్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు బస్సు గంటన్నర తీసుకుంటుంది. ఆ ట్రాఫిక్‌లో దాదాపు వారానికో లోకం అంతమయ్యేది.

ఆ నవలల్లో చివరికి మిగిలిన మనిషి ఖాళీ నగరంలో తిండి వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. రచయితల ఉద్దేశం మనం జాలిపడాలని. లోహిత్ అసూయపడేవాడు. ఆ మనిషికి పొద్దున తొమ్మిదిన్నరకు మీటింగు లేదు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు అని అడిగే మేనేజరు బతికి లేడు. పైగా ఆ మనిషి పక్క సీట్లో యశస్విని లేదు.

యశస్వినిదీ ఇదే మొదటి ఉద్యోగం, చేరింది కూడా అదే రోజు. మదీనాగూడ నుంచి స్కూటీ మీద వచ్చేది, నానమ్మ రుక్కమ్మ కట్టిచ్చిన క్యారేజీ తినేది, సిస్టమ్ మొరాయిస్తే "జర ఆగున్రి, చూద్దాం" అని నవ్వేది. ఆ నవ్వు వినగానే లోహిత్ తన పనిని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకునేవాడు. మేనేజరు మధుసూదన్ ఆమె పనికి "వెరీ గుడ్" అనేవాడు, ఇతని పనికి "ఓకే" అనేవాడు. ఇద్దరి ప్రొబేషనూ ఒకే నెలలో ముగుస్తోంది. పర్మనెంట్ చేయమని ఈసారి ఒక్కరినే సిఫారసు చేయగలనని, రెండోవారు ఇంకో మూడు నెలలు ఆగాలని ఆయన ముందే చెప్పేశాడు.

ఒకసారి ఆమె లోహిత్ బల్ల మీది నవల అడిగి తీసుకుంది. రెండు రోజుల్లో తిరిగిచ్చింది.

"మస్తుంది గనీ, గా మనిషికి పక్కింటోళ్లు లేరా ఏంది? ఒక్కడే తిరుగుతడు."

"అందరూ పోయారు కదా. అదే కథ."

"మా బస్తీల గట్ల ఎవ్వరూ పోరు. పోయినా చెప్పి పోతరు."

తనకు వారం పట్టిన పుస్తకం ఆమెకు రెండు రోజుల్లో అయిపోవడం లోహిత్‌ను బాధించింది.

ఏడాదికోసారి వాళ్ల ఆఫీసులో సర్వర్లు పోయినట్టు నటిస్తారు. ఉన్నవాటిని కావాలనే ఆపేసి, పనంతా చెన్నైలోని సర్వర్ల మీద గంటలోపు మళ్లీ లేస్తుందో లేదో చూసుకుంటారు. జీతమిచ్చి జరిపించే ప్రళయమన్నమాట. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏది ముందు లేపాలో రాసే పని యశస్వినికి దక్కుతుందన్న భయంతో లోహిత్ మధుసూదన్ క్యాబిన్‌కు మూడుసార్లు వెళ్లి మరీ దాన్ని సంపాదించాడు. నలభై రెండు పేజీలు రాశాడు. ముందుమాటలో నాగరికత ఎంత సున్నితమైనదో వివరించాడు.

మీటింగులో దాన్ని తెర మీద చూపించాక యశస్విని అడిగింది: "జర నాకు మెయిల్ చెయ్యవా?"

"ఇంకా ఫైనల్ కాలేదు. అయ్యాక పంపుతాలే."

ఫైనల్ అయి రెండు రోజులైంది. ఆమె చేతికిస్తే ఇంకా బాగా చేస్తుందేమోనని అతని బెంగ. అందుకే ఎవరికీ పంపలేదు. ఉన్న ఒక్క ప్రతినీ ఆఫీసు సర్వర్లో భద్రంగా దాచాడు.

శనివారం పొద్దున సరిగ్గా పదింటికి సర్వర్లు ఆపేశారు.

"లోహిత్, మొదట ఎవరికి ఫోన్ చేయాలి?" అన్నాడు మధుసూదన్.

లోహిత్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫైలు తెరుచుకోలేదు. ఏ ప్రళయం కోసం పుట్టిందో ఆ ప్రళయంలో మొట్టమొదట పోయింది అదే. పదిహేడు నవలల్లోనూ హీరో ముందుగా కాగితం మ్యాపు సంపాదిస్తాడని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

యశస్విని హ్యాండ్‌బ్యాగులోంచి ఓ పెళ్లిపత్రిక తీసింది. దాని వెనక పదకొండు పేర్లు, నంబర్లు, వరస.

"మీటింగుల చూపిచ్చినవ్ గద, అప్పుడే రాసుకున్న. పరేషాన్ గాకు," అని గుసగుసగా చెప్పి ఫోన్ అందుకుంది.

నలభై ఎనిమిది నిమిషాల్లో అంతా లేచింది.

"కాగితం మీద కూడా పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరిది?" మధుసూదన్ అడిగాడు.

"లోహిత్‌దే సార్. తను చెప్పిండు, నేను రాసిన."

మధుసూదన్ లోహిత్ వైపు తిరిగాడు. "వెరీ గుడ్!"

నోరు మూసుకుని ఉంటే ఉద్యోగం ఖాయం. లోహిత్ "థాంక్యూ సార్" అనబోయాడు కూడా. ఆమె పనితనాన్ని ఐదు నెలలు ఓర్చుకున్నాడు, క్యారేజీని ఓర్చుకున్నాడు. కానీ మంచితనంలో కూడా ఆమెదే పైచేయి కావడం మాత్రం అతనివల్ల కాలేదు.

"నేను చెప్పలేదండీ," అన్నాడు. "తను అడిగితే ఫైలు కూడా ఇవ్వలేదు."

మధుసూదన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఓకే," అన్నాడు.

సోమవారం మెయిల్ వచ్చింది. యశస్విని పర్మనెంట్. లోహిత్‌కు మరో మూడు నెలలు.

ఆమె స్వీట్ల డబ్బా తెచ్చి ముందు అతని బల్ల మీదే పెట్టింది.

"ఏంది నువ్వు? నోరు మూస్కొని ఉంటే పర్మనెంట్ అయిపోతుంటివి గద."

"ఉండలేకపోయాను."

"నీయంత మంచోన్ని నేను జూడలే, తెల్సా?"

ఆ మాటతో లోహిత్‌కు ఐదు నెలల్లో మొదటిసారి ఆమెకంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు అనిపించింది. ఆ సంతోషంలో ఒక మైసూర్‌పాక్ నోట్లో వేసుకున్నాడు. రుక్కమ్మ ఇంట్లోనే చేసిందట. చాలా బాగుంది. అదే అతనికి నచ్చలేదు.