అతని నోట ఆ పేర్లు

ఏడాది పాటు నేను ఒక మనిషి మీద పగ పెట్టుకుని బతికాను. బియ్యం కడుగుతున్నప్పుడు, చర్చిలో మోకరించి కళ్ళు మూసుకున్నప్పుడు, ఎవరి డాబా మీదో వైర్లు బిగిస్తున్నప్పుడు అతని ముఖమే కనిపించేది. క్షమించమని మా పాస్టరు ఆదివారం ఆదివారం చెప్పేవాడు. వినేదాన్ని. ఇంటికొచ్చి మళ్ళీ మొదటి నుంచి తలుచుకునేదాన్ని, ఎక్కడ మరిచిపోతానో అని.

మాది గోదావరిఖని. నాన్న ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో దిగాడు. ఆయన ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. నాకు చర్చిలో పాడీ పాడీ గొంతు వచ్చింది. మా పాటల గుంపు ముగ్గురితో మొదలైంది. రిటైరైన ఒక గని కార్మికుడు హార్మోనియం వాయించేవాడు, ఆయన్ని ఊరంతా కాక అనే పిలుస్తుంది. నేను పాడేదాన్ని. ఓపెన్ కాస్ట్ గని కింద ఊరు పోయి, తల్లితో పాటు మా వెనక వీధికి వచ్చిన ఒక అమ్మాయి డప్పు కొట్టేది. నన్ను అక్కా అనేది. ఆమె డప్పు అందుకుంటే షిఫ్టు దిగి వచ్చే వాళ్ళు కూడా బండి ఆపి వినేవారు.

ఆలోచన కాకది. "బాయిలు ఒక్కొక్కటే మూతవడుతున్నయి. రేపు మన పిల్లలేం జేస్తరు? బాయిల నుంచి తీసి పోసిన మట్టి గుట్టల మీద సోలార్ ప్లాంట్లు వెడ్తరట. ఆ కొలువులు మనోళ్ళకే రావాలె. ఇయ్యమని అడగాలంటె ముందుగాల మనకు పని రావాలె గద," అన్నాడు.

అలా కాలనీ కాలనీ తిరిగి పాడాం. క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో, గుడి ముందర, చర్చి ఆవరణలో. దుమ్ము తగ్గే పని కావాలని, ఊపిరితిత్తులు మిగిలే పని కావాలని మేమే పాటలు కట్టుకున్నాం. పాటలకు వచ్చిన చందాలతో పాత ప్యానెళ్ళు రెండు, ఒక మీటరు, పనిముట్లు కొన్నాం. ఐటీఐలో చెప్పి రిటైరైన ఒక మాస్టారు చర్చి హాల్లో మాకు నేర్పించాడు. ఆడవాళ్ళం పందొమ్మిది మందిమి నేర్చుకున్నాం. వైరు కొన ఒలిచి బిగించడంలో డప్పు కొట్టే అమ్మాయిని మించినవాళ్ళు లేరు. మేము ఒకటి బిగించేలోపు ఆమె మూడు బిగించి, "ఇంకేమన్న ఉన్నదా అక్కా?" అని నవ్వేది.

పని నేర్చుకోవడం పూర్తయిన సాయంత్రం పెద్ద కచేరీ పెట్టుకున్నాం. లేబర్ కాంట్రాక్టరు ఒకతన్ని ముఖ్య అతిథిగా పిలిచాం. గనుల్లో, బొగ్గు రైళ్ళకెక్కించే సైడింగుల్లో కూలీలను పెట్టేది అతనే. మా పందొమ్మిది పేర్ల జాబితాను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "మీ పేర్లు నా జేబుల ఉన్నయి చెల్లె. ప్లాంటు మొదలైతె ముందు మీరే," అని మైకులో అన్నాడు. ఎంత చప్పట్లు కొట్టామో!

ప్లాంటు మొదలైంది. ఎక్కడి నుంచో వచ్చిన కంపెనీ కడుతుంటే కూలీల కాంట్రాక్టు అతనికే వచ్చింది. నెల గడిచినా కబురు లేదు. నేనూ ఆ అమ్మాయీ అతని ఆఫీసుకు వెళ్ళాం. బల్ల మీద కాగితాల మధ్యలో మా జాబితా కనిపించింది. దాని మీద అతని చాయ్ గ్లాసు ఉంది.

"పాటలు పాడుకునేటోళ్ళకు ప్యానెళ్ళెందుకమ్మా? ఆడోళ్ళు గుట్టెక్కి గా ఎండల నిలవడ్తరా?" అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

"పరీక్ష పెట్టి చూడు సార్," అంది ఆమె.

అతను చెయ్యి ఊపుతుంటే గ్లాసు తగిలి చాయ్ ఒలికింది. మా జాబితాతోనే బల్ల తుడిచి, ఉండ చుట్టి కింద పడేశాడు. నేను వంగి తీసుకున్నాను. బయటికొచ్చాక ఆమె దాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసింది. తన పేరు మీద మరక లేదని చూసుకుని, "నాది మంచిగనే ఉన్నదక్కా," అంది.

ఇంట్లో సంపాదించే మనిషి ఆమె ఒక్కతే. ఎదురుచూస్తూ కూర్చునే వీలు లేదు. రామగుండం వైపు ఒక కట్టుబడి పనిలో ఇటుకలు మోయడానికి వెళ్ళింది. మే నెల. మా దగ్గర మే నెల అంటే మధ్యాహ్నం గాలి కూడా పొయ్యి మీద నుంచి వచ్చినట్టే ఉంటుంది. మూడో వారంలో ఇటుకల తట్టతోనే పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయారు. నేను వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది, నా మాట తెలియడం లేదు. పొద్దుగూకేలోపు పోయింది. ఆమె ఇటుకలు మోసిన చోటు నుంచి చూస్తే దూరాన గుట్ట మీద ప్లాంటు ప్యానెళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి. ఎండలో నిలబడలేరని అతను ఏ పని ఇవ్వలేదో ఆ పని అక్కడ జరుగుతూనే ఉంది.

నా పగ ఆ రోజు మొదలైంది. అతనికి చెడు జరగాలని కోరుకున్నాను. ప్రార్థనలో కూడా కోరుకున్నాను.

మరుసటి ఏడాది వేసవి ముదిరే వేళకు బయటి నుంచి తెచ్చిన పనివాళ్ళు ఎండకు తట్టుకోలేక వెళ్ళిపోయారు. వాళ్ళు హడావిడిగా బిగించిన వైర్ల అతుకులు వేడెక్కి కాలిపోతున్నాయని, వరసలకు వరసలు కరెంటు ఇవ్వడం లేదని ఊర్లో అనుకున్నారు. పై కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఒక రోజు పొద్దున కాంట్రాక్టరు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మీ ఆడోళ్ళను జర పంపాలె అక్కా. జల్ది," అన్నాడు. ఏడాది కిందట చెల్లెను, ఇప్పుడు అక్కనయ్యాను.

కూర్చోమనలేదు. నీళ్ళూ ఇవ్వలేదు. "పంపుతం. వచ్చే ఆదివారం సాయంత్రం మా కచేరీ ఉన్నది. నువ్వు స్టేజీ ఎక్కి మా జాబితా సదవాలె. అందరి పేర్లు," అన్నాను.

"గంతేనా?" అని నవ్వాడు.

"గంతే."

మా గుంపులో అందరికీ ఇది నచ్చలేదు. "పని ఇస్తనంటుండు గద, తీసుకుందాం. మనకు గొడవెందుకక్కా?" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. కాక హార్మోనియం తుడుస్తూ, "మనం కొలువుల కోసం పాడుతున్నం బిడ్డా, కక్ష తీర్చుకునేటందుకు కాదు," అన్నాడు. నేను వినలేదు. జాబితా నా దగ్గర ఉంది. నాకు అంతకంటే బలం అవసరం లేదనిపించింది.

ఆదివారం ఆరు గంటలకు కాలనీ గ్రౌండు నిండిపోయింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు పాటలయ్యాక పిలిచి, ఆ కాగితమే చేతిలో పెట్టాను. చాయ్ మరకలు గోధుమరంగుకు తిరిగి, మడతల దగ్గర చిరుగుతోంది.

"కొత్త కాగితం మీద రాసియ్యరాదు?" అన్నాడు మెల్లగా.

"ఇదే సదువు సార్."

గుర్తుపట్టాడు. మొహం మారింది. గబగబా గొణుగుతూ మొదలుపెట్టాడు. "వినవడ్తలేదు సార్, మైకు దగ్గర వెట్టుకో. మొదటి నుంచి సదువు," అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు చల్లటి నీళ్ళలా ఉంది. మళ్ళీ మొదలుపెట్టాడు. పేరు చదివినప్పుడల్లా ఆ మనిషి లేచి నిలబడింది. ఎనిమిదో పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఈమె లేదు గద."

"లేదు. సదువు."

చదివాడు. ఎవరూ లేవలేదు. 

"ఎందుకు లేదో గూడ చెప్పు," అన్నాను.

చెమటతో అతని చొక్కా వీపుకు అంటుకుంది. జనం వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. "పని ఇయ్యలేదు," అన్నాడు.

"ఎవరు?"

"నేనే."

కాక హార్మోనియం మూసేశాడు. "చాలు బిడ్డా, ఇగ ఆపు," అన్నాడు. నేను ఆపలేదు. ఆ పేరు ఇంకోసారి చదవమన్నాను. తర్వాత ఇంకోసారి. మూడోసారి కాగితంతో మొహం దాచుకుని చదివాడు. నాకు జాలి కలగలేదు. ఏడాదిలో మొదటిసారి కడుపు నిండినట్టు అనిపించింది.

అతను మాట తప్పలేదు, తప్పే వీలూ లేదు. ఆ వారమే పద్నాలుగు మంది ప్లాంటులో చేరారు. కాలిపోయిన అతుకులు విప్పి, మళ్ళీ బిగించి, వరసలన్నీ నిలబెట్టారు. వాళ్ళలో ఒకామె ఇప్పుడు అక్కడ సూపర్‌వైజరు. నేను వెళ్ళలేదు. అతని రిజిస్టరులో సంతకం పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

కానీ కచేరీ మరునాడు పొద్దున ఆ అమ్మాయి తల్లి మా ఇంటికి వచ్చింది. మేము ఆమెను కచేరీకి పిలవలేదు. మైకు మాత్రం ఆమె ఇంటి దాకా వినిపించింది.

"నా బిడ్డ పేరు నేనే పిలుస్తలేను. నోట్లకు వస్తలేదు. వాని నోటితోని మూడుసార్లు అనిపిచ్చినవా?" అంది.

"వాడు సిగ్గువడాలని అవ్వా."

"వాని సిగ్గు నేనేం జేసుకోను? నన్నొక మాట అడిగినవా?"

అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆ పగ నాదేనని అనుకున్నాను, ఆ చావు కూడా నాదేనన్నట్టు. ఆమె నేనిచ్చిన నీళ్ళు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

కాక నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి ఏ శ్రుతిలో పాడదామని అడిగాడు. కాంట్రాక్టరు నేను ఎదురైతే బండి పక్క సందులోకి తిప్పేస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. అతన్ని స్టేజీ మీద నిలబెట్టినందుకు నేను బాధపడటం లేదు, పడను కూడా.

మొన్న కొత్తగా నేర్చుకునేవాళ్ళకు క్లాసు మొదలుపెట్టేముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళాను. బయట అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "అవ్వా, మీ బిడ్డ గురించి కొత్తోళ్ళకు చెప్పుకుందామనుకుంటున్నం. పేరు చెప్పొచ్చునా?" అని అడిగాను.

తీసిన గింజలు పక్కకు నెట్టింది. "ఈసారి అడిగినవ్ గద. ఆలోచన జేసి చెప్త," అంది.

ఇంకా చెప్పలేదు. క్లాసు నడుస్తోంది.